వంక వచ్చిన రోజు

నేను లెక్కలు చెబుతుంటే పక్క ఊరి పిల్లలు కూడా వచ్చి మా బడి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళని మనవళ్ళకు గొప్పగా చెబుతుంటాను. వచ్చేవాళ్ళన్న మాట నిజమే. మా బడి బావిలో ఇంకా కాసిని నీళ్ళుండేవి. అందుకు వచ్చేవాళ్ళు.

ఉరవకొండ అవతల ఒక హైస్కూలు. ఎనభైల్లో వరసగా వానలు తప్పిన ఏళ్ళు. పదో తరగతి పిల్లల్ని ‘ఏమవుతారప్పా’ అని అడిగితే, అదేదో ఉద్యోగమైనట్టు ‘బెంగళూరు సార్’ అనేవాళ్ళు. అది వినలేక శనివారం సాయంత్రాలు ఒకరి చేతికి సుద్దముక్క ఇచ్చి, నేను పోయి వాళ్ళ బెంచీలో కూర్చునేవాణ్ణి. పెద్దయ్యాక చెయ్యాలనుకున్న పని అప్పుడే చేసి చూపించాలి. ఒకడు కండక్టరై నన్ను బస్సులోంచి దింపేశాడు. ఇంకొకడు డాక్టరై నా నాలుక చూసి పెదవి విరిచాడు.

ఒక అమ్మాయి టీచరైంది. వస్తూనే నన్ను లేపి నిలబెట్టింది.

“ఏమప్పా, యాడ చూస్తాండావు? బోర్డు ఈడుండాది.”

క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. లెక్క పూర్తయ్యేదాకా నన్ను కూర్చోనివ్వలేదు. అంత బాగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

చలికాలంలో వాళ్ళ నాయన బడికి వచ్చాడు. ఇంటిల్లిపాదీ బెంగళూరుకు, కట్టడం పనులకు పోతున్నారు.

“చిన్నపిల్లోల్ని చూసుకునేకి మనిషి కావల్ల సార్. దీన్ని గూడా పిల్చకపోతా.”

“ఒక్క ఏడు ఇడిసిపెట్టప్పా. నీ కూతురు టీచరమ్మ అయితాది. నాదీ పూచీ.”

ఆయన తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. “మీరింత గట్టిగా చెప్తాంటే సరే సార్” అని పిల్లను అవ్వ దగ్గర వదిలి పోయాడు.

ఆ అమ్మాయి జిల్లాకే ఫస్టు వచ్చిందని చెబుతుంటాను. వచ్చింది ఫస్టు క్లాసు. మా బడికి అదే పండగ. ఇక మిగిలింది అనంతపురంలో టీచరు ట్రైనింగు ఎంపిక పరీక్ష. పొద్దున బస్సెక్కితే వేళకు అందుతుంది. అవ్వకు మాత్రం మనసు ఒప్పలేదు.

“ముందురోజే పిల్చకపో నాయనా. వానొస్తే?”

“వానొస్తే నీ నోట్లో చక్కెర పోస్తా అవ్వా!” అన్నాను.

అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వింది. ఊరి బయట వంకకు వంతెన లేదు, బస్సు ఇసుక మీదే దాటేది. అది నీళ్ళు పారే చోటని అందరం ఏనాడో మరిచిపోయాం.

పరీక్షకు ముందురోజు రాత్రి వాన కురిసింది.

తెల్లారేసరికి వంక ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎర్రగా పారుతోంది. ఊరంతా పసుపు, కుంకుమ, టెంకాయలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ముసలివాళ్ళు నీళ్ళకు దండాలు పెట్టి ఏడుస్తున్నారు. బస్సు అవతలి గట్టున నిలబడి హారన్ కొడుతోంది. ఆ అమ్మాయి ఇవతల, హాల్ టికెట్టు తడవకుండా కవరులో చుట్టి గుండెకు అదుముకుని నిలబడింది.

ఆ పిల్లను భుజాన ఎత్తుకుని నడి వంక దాకా పోయానని తర్వాత చాలామందికి చెప్పాను. దిగింది నేనొక్కణ్ణే, అదీ మోకాటి లోతు. కాళ్ళ కింద ఇసుక జారింది. “సార్, సచ్చిపోతారు, గట్టుకు రాండి!” అని ఎవరో అరిచారు. వెనక్కి వచ్చేశాను. మా సీమలో ఈత ఎవరికొస్తుంది?

బస్సు కొంతసేపు చూసి తిరిగిపోయింది.

అవ్వ మనవరాలి అరచేతిలో కుంకుమ పెట్టింది. “గంగమ్మకు వెయ్యి తల్లీ. ఈ పొద్దు ఏడ్సకూడదు. ఆయమ్మ ఎన్నాళ్ళకొచ్చినాదో.”

ఆ పిల్ల వేసింది. చేతులు జోడించింది. ఏడవలేదు.

వేరుశెనగ విత్తనం వెయ్యడానికి వాళ్ళ నాయన వచ్చాడు. వచ్చే ఏడు మళ్ళీ రాయిద్దామని నసిగాను.

“ఒక్క ఏడు అంటిరి, ఇడిసిపెడితి. వానొచ్చిందానికి మిమ్మల్నేమనేది సార్” అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకు బదులు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత చినుకు లేదు. చెనిక్కాయ చెట్టు ఊడలు దిగకుండానే మాడిపోయింది. వాళ్ళు మళ్ళీ బెంగళూరుకు పోయారు. ఈసారి ఆ పిల్ల కూడా పోయింది.

తర్వాతి శనివారం సుద్దముక్క చాచి నిలబడ్డాను. ఎవరూ లేవలేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది.

“ఎంత సదివినా వంకొస్తే ఏం జేయల్ల సార్?”

“ఆ యక్క బెంగళూరులో టీచరమ్మ అయింది. నాకు కబురొచ్చింది” అన్నాను.

ఆ అమ్మాయి లేచి వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది.

కబురేమీ రాలేదు. ఆ పిల్ల ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కొత్తగా వచ్చిన ప్రతి క్లాసుకూ అదే మాట చెప్పాను. చెప్పి, పోయి వాళ్ళ బెంచీలో కూర్చునేవాణ్ణి.