నోటిదాకా రాని చెయ్యి

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, నా కుడిచెయ్యి నోటిదాకా రావడం మానేసింది. సీతాఫలాల కోసం గుట్టెక్కి, బండ మీంచి జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కరీంనగర్ దవాఖానాలో సిమెంటు కట్టు వేశారు. అది విప్పేసరికి ఎముక అతికింది గానీ కీలు బిగుసుకుపోయింది. అన్నం కలపగలను, ముద్ద ఎత్తగలను, ఆ ముద్ద గుండెల దాకా వచ్చి ఆగిపోయేది. రోజూ వంచుతూ ఉండాలనీ, ఆలస్యం చేస్తే జన్మంతా ఇంతేననీ డాక్టరు మా బాపుతో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను.

మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. ఇంట్లో అవ్వ తినిపించేది. ఎడమచేత్తో తినొచ్చు కదా అంటారేమో! ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని ఆ పనే చేశాను. ఎదుటి వరుసలోని ముసలమ్మ ఒకావిడ, "గదేం తిండే పోరీ, ఎడమచేతితోని!" అని గట్టిగా అనేసింది. బంతిలో వాళ్లంతా తలలెత్తి చూశారు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. అప్పటి నుంచి ఎవరైనా భోజనానికి పిలిస్తే చాలు, ఏదో వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. రేపు అత్తగారింట్లో నాకెవరు తినిపిస్తారన్నది నా పెద్ద బెంగ. ఆ బెంగ ఎవరికీ చెప్పుకోలేదు.

చెయ్యి వంచితే జాతరకు తీసుకుపోయి గాజులు కొనిస్తానని బాపు ఆశ పెట్టాడు. ఇంకేముంది, నూనె రాయించుకుని, పళ్లు బిగబట్టి, ఆ పూటంతా వంచాను. మర్నాటికి చెయ్యి వాచింది, గాజుల మీద మోజూ తీరింది. అవ్వ వంచబోతే నేను ఏడ్చేదాన్ని, నన్ను చూసి అవ్వా ఏడ్చి వదిలేసేది. సాయంత్రం మాత్రం గుండె దడదడలాడేది, అయ్యో ఇవాళా పోయిందే అని. ఇంటి వెనక్కి వెళ్లి ముద్ద ఎత్తినట్టు చెయ్యి ఎత్తి చూసుకునేదాన్ని. అక్కడే ఆగేది.

ఇదంతా మా బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, చూస్తూనే ఉంది. మాది మెట్‌పల్లి దగ్గర నేతపని ఇల్లు. బాపు మగ్గం నేసేవాడు, పోగును అటూ ఇటూ దాటించే నాడెలో పెట్టే నూలు కండెలను బాపమ్మ రాట్నం మీద చుట్టేది. ఒక పొద్దున నన్ను ఆ రాట్నం ముందు పీట మీద కూర్చోబెట్టింది. ముఖం కడుక్కోగానే, చాయ తాగకముందే, బాపుకు పొద్దుటి కండెలు నేనే చుట్టాలట, కుడిచేత్తోనే తిప్పాలట. ఇవాళ మనసు రావట్లేదని నసిగాను.

"నీ మనసునెవ్వలడిగిన్రే? మొకం కడుక్కున్నవా, కూసో. ఉషారు సుట్టమసొంటిది బిడ్డా, అస్తది, పోతది. సుట్టమొస్తెనే పొయ్యి ముట్టిస్తమా?"

బాపమ్మ నోటికి వీధంతా జంకేది, నేనెంత! కూర్చున్నాను. ముసురు పట్టినా, ఒళ్లు వెచ్చబడినా, పండగైనా ఒక్క కండె అయినా చుట్టాకే చాయ. విచిత్రం ఏమిటంటే, ఎప్పుడైనా హుషారు పుట్టి ఇంకా చుట్టబోతే కూడా తిట్టేది, "ఇయ్యాల ఎగిరి రేపు పంటవా? లే ఇగ!" అని. వెనకవైపుకి వెళ్లి చెయ్యి కొలుచుకోవడం కూడా మాన్పించింది.

కానీ నా భయం పోలేదు, పెరిగింది. నాలుగు రోజులు నొప్పి తగ్గేది, హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదటిలాగే పొడిచేది. చెయ్యి లోపల చెడిపోతోందని నాకు నేనే తేల్చుకున్నాను. అవ్వకు చెబితే బెంబేలు పడుతుందని మింగుకున్నాను.

ఒక పొద్దున ముఖం కడుక్కుని వస్తూ గడప దగ్గర ఆగిపోయాను. లోపల బాపమ్మ ఊడుస్తూ ఊడుస్తూ, నా పీటను కాలితో రాట్నం వైపు కొంచెం జరిపింది. దగ్గరగా కూర్చుంటే మోచెయ్యి ఇంకాస్త వంగక తప్పదు. చెయ్యి చెడిపోవడం లేదు, నొప్పి తగ్గినప్పుడల్లా మా బాపమ్మ పీట జరుపుతోంది! కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పీటను వెనక్కి లాక్కోవచ్చు, ఎవరూ చూడట్లేదు. ఇవాళ నొప్పి ఖాయమని తెలిసి తెలిసి, వెళ్లి జరిపిన చోటే కూర్చున్నాను. బాపమ్మ చీపురు ఆపి ఒకసారి చూసింది, మళ్లీ ఊడ్చుకుంది.

చలికాలం వచ్చాక ఒక మధ్యాహ్నం అవ్వ అన్నం కలుపుతుండగా బర్రె తలుగు తెంపుకుని పరుగెత్తింది. అవ్వ దాని వెంట పడింది. ఆకలికి ఆగలేక నేనే ముద్ద ఎత్తాను. మెడ కొంచెం వంచాను. ముద్ద నోట్లో పడింది. పప్పన్నం అంత రుచిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తిరిగొచ్చిన అవ్వ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. బాపమ్మ మాత్రం, "తింటె తిన్నవ్ గని, రేపు కండెలు సుట్టుడు ఇడువకు" అంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ చెయ్యి ఇప్పటికీ భుజాన్ని తాకదు. నా భయమూ అంతే, పూర్తిగా పోలేదు. మా ఆయన మంచాన పడ్డ ఏళ్లలో ప్రతి పొద్దునా గుండె దడతోనే లేచాను. ధైర్యం వచ్చాక చేద్దామని ఏ పనికీ ఆగలేదు. ముఖం కడుక్కుని, ఆయనకు మొదటి ముద్ద ఈ చేత్తోనే తినిపించాను.