నలభై మందికి వెయ్యి లీటర్లు

ఈ రోజు పొద్దున మా అశోక్‌నగర్ హాస్టల్‌కు నల్లా రాలేదు. ట్యాంకులో వెయ్యి లీటర్లున్నాయి, మేం నలభై మందిమి. పంచే లెక్క నా రూమ్మేట్ శ్రీశైలం చేశాడు. పది గంటలకు నారాయణగూడలో అతనికి పరీక్ష. ఏ భాగహారమైనా 10², 10³ లాంటి పది పవర్లలోనే చేసి అలవాటు పడమని కోచింగ్‌లో చెప్పారట.

1×10³ని 4×10¹తో భాగిస్తే 0.25×10² వచ్చింది. చుక్క జరిపి 2.5 చేశాడు గానీ, పవర్‌లోని రెండును ఒకటి చేయడం మరిచాడు. మనిషికి 2.5×10², అంటే రెండు వందల యాభై లీటర్లని కాగితం మీద రాసి స్నానాలగది తలుపుకు అంటించాడు. మేమంతా పోటీ పరీక్షలవాళ్లం. స్టెప్పులన్నీ కనిపిస్తే జవాబును అనుమానించం.

నలుగురు స్నానాలు చేసి దుప్పట్లు కూడా ఉతుక్కున్నారు. ఐదోవాడు శ్రీశైలమే. కాసేపటికి ఒళ్లంతా సబ్బుతో బయటికొచ్చి, కాగితం చూసి, పవర్‌లోని రెండు కొట్టేసి ఒకటి వేశాడు.

“ఇరవై ఐదు లీటర్లే అన్నా. ఇప్పుడు కరెక్టయింది.”

“లెక్క కరెక్టే తమ్మీ, నీళ్లేవి? పదికి సెంటర్ గేటు బంద్ చేస్తరు.”

నా తాగేనీళ్ల క్యాన్ అతని మీద గుమ్మరించి పంపాను. అలాంటి లెక్కే పేపర్లో వచ్చిందని, ఈసారి పవర్ తగ్గించానని సాయంత్రం వచ్చి చెప్పాడు. దానికి ఒక మార్కు. ముప్పై ఐదు మందికి స్నానం లేదు.

మీ హాస్టల్‌లో నీళ్లు ఎవరు పంచుతారో చెప్పండి. లెక్కలు రానివాళ్లయితే మాకు పంపండి.