పెద్దవ్వ కప్పుకున్న చీకటి

మొన్న పొద్దుగూకే వేళ మా నిజామాబాదు వీధిలో కరెంటు పోయింది పిల్లలూ. ఇన్వర్టర్ కూడా మొరాయించి ఇల్లంతా చీకటైపోతే, పోయిన ఎండాకాలం కమ్మర్‌పల్లిలో మీ పెద్దవ్వ కిటికీలకు గొంగళ్లు కట్టుకుని కూర్చున్న గది గుర్తొచ్చింది.

పెద్దవ్వంటే నా యారాలు, మీ పెద్దతాత భార్య. నేను బోధన్ వైపు చెరుకు తోటల్లో పుట్టిపెరిగినదాన్ని, పసుపు పని నాకేం తెలుసు, కొత్త కోడలిగా వచ్చిన నాకు అన్నీ ఆమే నేర్పింది. తవ్విన పసుపులో మంచి కొమ్ములు విత్తనానికి ఏరి, నీడన కుప్పపోసి, పసుపు ఆకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి వెలుతురు చొరకుండా ఇద్దరం అలికేవాళ్లం. వానలు పడేదాకా లోపల అది నిద్రపోతుందని, కదపొద్దని, పక్కన చంటిపిల్ల పడుకున్నట్టు గొంతు తగ్గించి చెప్పేది.

అలాంటి మనిషికి రొమ్ములో క్యాన్సర్ గడ్డని తేలింది. ఆపరేషన్‌కు ముందు కీమో సూదులు పడాలన్నారు డాక్టర్లు. మొదటి సూదికే నోరంతా పూసి, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివచ్చింది. నేను ఆమె దగ్గరున్న ఆ రోజుల్లోనే, పుణెలో ల్యాబులో పనిచేస్తున్న మీ అక్క వీడియో కాల్ చేసి, మాటల మధ్య తన పని సంగతి చెప్పింది. చీకటి పడితే మన మెదడులో మెలటోనిన్ అనేది ఊరుతుందట, దాన్ని గాజు పళ్లెంలో పెంచిన రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేస్తే వాటి పెరుగుదల నెమ్మదిస్తోందట. పెద్దవ్వ నా భుజం మీదుగా అన్నీ వింది.

నేను టౌనుకు వచ్చేసి, రెండో సూది రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఆటోను వాకిట్లో నిలబెట్టి తలుపు తోస్తే, పట్టపగలు లోపల ఏమీ కనబడలేదు.

"తలుపెయ్యి చెల్లె, ఎల్తురు రానియ్యకు."

"సూది రోజు గదా అక్కా, లే."

"ఇగ నాకు సూదులొద్దు. చీకట్ల ఈ గడ్డ పండుకుంటదని నీ మనవరాలే చెప్పె. మన ఇత్తనం పసుపు పండుకుంటలేదా గిట్లనే? చెరుకుతోట దానివి, నీకేమెర్క."

ఎంత బతిమాలినా మంచం దిగదు. చివరికి మీ అక్కకు ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను.

"పెద్దవ్వా, అది పళ్లెంల సంగతి! మనిషిల గట్లనే అయితదని మాకే తెల్వది. ఒక్క సూది సుత తప్పొద్దు, నీకు దండం పెడ్త."

"మరి నీ సదువు అబద్ధమానే?" అంది పెద్దవ్వ. అటునుంచి ఏడుపు వినిపించింది.

బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నాకప్పుడు మా పసుపు కుప్పే కళ్ల ముందుకొచ్చింది.

"అక్కా, కుప్ప ఇప్పినప్పుడు నువ్వే గద సూపెట్టినవ్. మనం ఎంత అలికినా, గాలికి జర తడి తగిలితే లోపట మొలకలు రాలేదా? చీకటి ఆపిందా? మనకు కనవడకుండ దాసింది, గంతే."

మంచం కిర్రుమంది. తర్వాత చీకట్లోంచి చిన్నగా, "ఆటో ఉన్నదా, పోయిందా?" అంది. కిటికీ గొంగడి నేనే లాగేశాను. వెలుతురులో చూస్తే ఆమె చెయ్యి రొమ్ము మీదే ఉంది.

సూదులన్నీ అయ్యాయి, ఆపరేషనూ అయింది. వచ్చే వారం మళ్లీ పరీక్ష, ఆ కాగితం చేతికొచ్చేదాకా మా ఇద్దరికీ ముద్ద దిగదు. మీ అక్క ఇంకా ఆ పళ్లేల ముందే కూర్చుంటోంది, ఎప్పటికైనా అందులోంచి నిజంగా ఒక మందు వస్తుందేమో.

మొన్న కరెంటు రాగానే కమ్మర్‌పల్లికి ఫోన్ చేశాను. నేనేమీ అడగకముందే, "లైటేసుకోనే కూసున్న చెల్లె, బుగులు పడకు," అని నవ్వింది. వయసులో ఉన్నప్పుడు నూనె దండగని దీపం ఆర్పేసి, చీకట్లోనే ఎంతెంతసేపో కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు లైటు వెలుగుతోందని ఒకరికొకరం చెప్పుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు.