చిల్లు డాక్టరు

చిల్లు డాక్టరుకు దేన్నీ పూర్తిగా విప్పడం చేతకాదు. చాక్లెట్ల డబ్బా చేతికిస్తే, మూత జోలికి పోకుండా పక్కన వేలు పట్టేంత చిల్లు పెట్టి, పొడుగాటి పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి లాగుతాడు. పదిహేనేళ్లుగా ఆపరేషన్ గదిలో ఆయన పక్కన నిలబడుతున్న పెద్ద సిస్టరుకు అది చూస్తే ఒళ్లు మండేది.

"మూత తీస్తే మీ సొమ్మేం పోయింది డాక్టరుగారూ?"

"మూత తీసి ఎవరైనా తింటారు సిస్టరూ, అందులో గొప్పేముంది?"

ఆవిడ డబ్బా లాక్కుని, మూత ఊడబెరికి బల్లమీద పెట్టేది. ఆయన చిన్నబుచ్చుకునేవాడు. ఇరుకు మూతి జాడీలోంచి పండిన టమాటాను చిట్లకుండా తీసిన రోజు మాత్రం, దాన్ని వార్డంతా ఊరేగించాడు.

ఒకసారి ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి చేర్చారు. కడుపులో, మూత్రపిండం పైన, నిమ్మకాయంత క్యాన్సరు గడ్డ. తల్లి ఏడుస్తోంది. వాడి దిగులు వేరు.

"ఇంత పొడుగు కుట్లుంటే ఈత కొలనులో అందరూ నవ్వుతారు. నేనింక ఈతకి వెళ్లను."

డాక్టరు తల్లివైపు తిరిగాడు. "అమ్మా, వీడి ఈత చెడ్డీ తెప్పించండి."

"ఇదెక్కడి చోద్యం! గడ్డకీ చెడ్డీకీ ఏం సంబంధం?" అంది సిస్టరు.

ఆయన చెడ్డీ తొడిగించి, నడుముపట్టీకి కిందుగా పెన్నుతో చిన్న గీత గీశాడు. బొడ్డులో ఒక చుక్క. రెండు పుట్టుమచ్చల పక్కన రెండు చుక్కలు.

"గడ్డ చిట్లకుండా రావడమే ముఖ్యం. రాదనిపిస్తే పొడుగ్గా కోసేస్తాను, చెడ్డీ సంగతి తర్వాత," అన్నాడు తల్లితో. "కానీ వస్తుందమ్మా. నా చేతికి వస్తుంది."

ఆపరేషన్ రోజు ఆ చుక్కల దగ్గర పెట్టిన చిల్లుల్లోంచి కెమెరా, సన్నటి పరికరాలు లోపలికి వెళ్లాయి. మూడో గంటలో గడ్డ ఒక పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని కదలనంది. సిస్టరు పెద్ద కత్తి తీసి పట్టుకుంది.

"ఒక్క నిమిషం సిస్టరూ. టమాటా గుర్తుందా?"

నిమిషం కాదు, నలభై నిమిషాలు పట్టింది. గడ్డను లోపలే చిన్న సంచిలో వేసి, కింది గీత దగ్గర కోసి, పూర్తిగా బయటికి తీశాడు. ఎక్కడా చిట్లలేదు. పదిహేనేళ్ల విసుగంతా సిస్టరుకు ఆ క్షణాన సిగ్గుగా మారింది.

ఏడాది తర్వాత పరీక్షలన్నీ బాగున్నాయని తేలిన రోజు, పిల్లాడు చొక్కా ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సిస్టరాంటీ, ఎక్కడ కోశారో చెప్పుకోండి చూద్దాం!"

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని వెతికి వెతికి, పుట్టుమచ్చను చూపించింది. వాడు పడీపడీ నవ్వాడు.

వాళ్లమ్మ చాక్లెట్ల డబ్బా ఇచ్చింది. డాక్టరు అలవాటుగా చిల్లు పెట్టాడు. సిస్టరు లేచి రావడం చూసి డబ్బాను గట్టిగా వాటేసుకున్నాడు. ఆవిడ పట్టకారు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కానివ్వండి. నాకూ ఒకటి తియ్యండి. విరక్కూడదు సుమా!"