చప్పటి నీళ్లు

ఏ తాటిచెట్టు కల్లో నాలిక మీద చుక్క పడంగనే చెప్పేటోడు ఉప్పలయ్య. బోరు నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ ఆయన మోకాళ్లు వంచేసింది. కల్లు గీయ చెట్టెక్కుడు మాట అటుంచు, మంచం దిగాలన్నా భార్య మొగిలమ్మ భుజం కావాలె.

వరంగల్ కాలేజీ పిల్లలొచ్చి డాబా మీద అద్దం మూత పెట్టె బిగించిపోయిండ్రు. అందుల పోసిన బోరు నీళ్లు ఎండకు ఆవిరై, అద్దానికి పట్టి, బొట్టుబొట్టుగ సీసాల పడుతయి. ఫ్లోరైడ్ మాత్రం పెట్టె అడుగునే ఉండిపోతది. మొగిలమ్మ కీళ్లనొప్పులతోనే మెట్లెక్కి ఆ సీసా తెచ్చేది. తను బోరు నీళ్లే తాగి, సీసా మొత్తం ఆయనకే పోసేది.

ఆయనేమో ఒక్క గుక్క నోట్లె పోసుకొని ఊంచేసేటోడు.

"థూ! గింత చప్పగున్నయేందే? ఇవి నీళ్లేనా?"

దాహంతోటే పండుకుంటాంటే ఆమె పానం ఒప్పలే. ఒకనాడు రుచికని చెంబుల జర బోరు నీళ్లు కలిపింది. తాగిండు. మర్నాడు ఇంకొంచెం కలిపింది. ఏం చేస్తాందో ఆమెకు తెల్వక కాదు.

ఎండకాలం పోయేసరికి చెంబు నిండా బోరు నీళ్లే. ఉప్పలయ్య గటగట తాగి, మీసాలు తుడుచుకొని, ఎన్నడు లేంది ఆమెను మెచ్చుకున్నడు.

"ఇగో, ఇవీ నీళ్లంటే!"

మర్నాటి నుంచి మొగిలమ్మ డాబా ఎక్కుడు బంద్ జేసింది.