మట్టి సారు కట్టిన లేక్ వ్యూ

ఆ రోజుల్లో శంషాబాద్‌లో విమానం చప్పుడు వినిపిస్తే పిల్లలు తరగతి వదిలి బయటికి పరుగెత్తేవారు. ఇప్పుడు మా మనవరాలు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోతుంది. నేను మాత్రం వాన చప్పుడుకు లేచి కూర్చుంటాను. ఈ అలవాటు నాకు అంటించింది మట్టి సారు. ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. మా బడిలో సైన్సు చెప్పేవారు. నేను అక్కడే లెక్కల మాస్టారుగా కొత్తగా చేరాను. వాన మొదలైతే అందరూ లోపలికి పరుగెత్తేవారు, ఆయన తరగతిని బయటికి తోలేవారు. "నీళ్లు ఏడికెళ్లి ఏడికి పోతున్నయో చూడుండ్రి" అనేవారు. ఎర్రటి నీళ్లను గాజు గ్లాసులో పట్టి, అడుగున పేరుకున్న మట్టిని చూపించి, దవాఖానలో చెడ్డ కబురు చెప్పే డాక్టరులా ముఖం పెట్టేవారు. ఆదివారాలు పార భుజాన వేసుకొని రైతుల చెలకల్లో గట్లు వేయడానికి పోయేవారు. దానికి జీతం లేదు, భత్యం లేదు, ఇంటావిడ దీవెన అసలే లేదు.

మామిడిపల్లి వైపు పోయే బాట పక్కన ఒక అవ్వకు చిన్న చెలక ఉండేది. పైన బోడు గుట్ట మీది నుంచి చిన్న వాగులా దిగే ఒర్రె ప్రతి వానాకాలం అందులో ఒక ముక్క కొరుక్కుపోయేది. "సారూ, ఈ వానకు ఇంకింత పోతే జొన్నలు ఏడ ఏసుకోవాలె, నెత్తి మీదనా?" అని అవ్వ అడిగింది. ఒర్రెకు అడ్డంగా రాతికట్ట కట్టిస్తానని సారు మాట ఇచ్చేశారు. మొగులు అప్పటికే కమ్ముతోంది. నన్ను పిలిచి, "నువ్వు పద్ధతి గల్ల మనిషివి. రాళ్ల పని నీది" అన్నారు.

పద్ధతి! ఆ ఒక్క మాటకు పొంగిపోయాను. (ఇప్పటికీ పొంగుతాను, మా ఇంట్లోవాళ్లు పని పడినప్పుడల్లా ఈ మాటే వాడతారు.) పిల్లలు గుండ్రాళ్లూ వంకర రాళ్లూ మోసుకొస్తే నాకు ఒక్కటీ నచ్చలేదు. "ఏందిరా గీ ఆలుగడ్డలు? అన్నీ ఒక్క తీరుగ ఉండాలె. పొడుగ్గ, పలకలు పలకలుగ!" అని తిప్పి పంపాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గట్లాంటియి ఉన్నయి సార్, జర దూరం" అన్నాడు క్లాసు లీడరు. "దూరమైతే ఏంది? తేండ్రి!" అన్నాను.

సాయంత్రానికి కుప్ప పడింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే మందం, ఒక కొసకు తెల్లటి సున్నం కూడా. మా పిల్లల్లో ఇంత క్రమశిక్షణ ఉందని నేను ఊహించలేదు. వరసలు కలిపి పేర్చాం. సారు ఆ సున్నం చూసి ఏదో అడగబోయి, అవ్వ ముఖం చూసి ఇంకో రాయి అందుకున్నారు. ఆ రోజు డైరీలో "రాతిపని మిక్కిలి తృప్తికరం" అని రాసి, కింద గీత కూడా గీశాను.

తెల్లారి సఫారీ సేటు వచ్చాడు. (ఎండాకాలంలో కూడా సఫారీ సూటు విప్పని ప్లాట్ల బ్రోకరు, బోడు మీద కొత్త వెంచరు ఆయనదే.) "నా ప్లాట్లు ఏడ పోయినయ్? నిన్న ఉండె, ఇయ్యాల ఉత్త బోడు!" అని బడి గేటు దగ్గరే అందుకున్నాడు. రాళ్లు వెతుక్కుంటూ ఒర్రె దాకా నడిచాడు, మేమూ వెంట పోయాం. కట్టను చూసి సేటు నోరు తెరిచాడు.

"నా హద్దురాళ్లు! రేపు పట్నం నుంచి బస్సు నిండ గిరాకీ వస్తున్నది. వాళ్లకు ఏం చూపియ్యాలె, గాలా? పీకుండ్రి!"

అవ్వ వెళ్లి కట్ట మీద కూర్చుంది. "పీకు బిడ్డా. ముందుగాల నన్ను పీకి అవతల పెట్టు."

మట్టి సారు చేతులు జోడించారు. "సేటూ, ఒక్క వాన ఆగు. తర్వాత నేనే మోసుకొచ్చి పాతుత."

"నీ వాన కోసం నా దందా ఆగుతదా సారూ? రేపు పొద్దుగాల్నే కూలోళ్లను తెస్త" అని సేటు వెళ్లిపోయాడు.

మర్నాడు కూలీలూ బస్సూ ఒకేసారి వచ్చారు. వాన వాళ్లకంటే ముందే వచ్చి వెళ్లింది. కట్ట వెనక ఎర్రనీళ్లు నిండుగా నిలిచాయి. కట్ట కింద అవ్వ చెలక అలాగే ఉంది. "పీకుండ్రి" అంటూ సేటు చెయ్యి ఎత్తాడో లేదో, బస్సు దిగిన ఒకావిడ నీళ్లు చూసి, "ఏమండీ, ఇక్కడ చెరువు కూడా ఉందండీ!" అని భర్తను పిలిచింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే నీళ్లవైపు తిరిగింది.

"ఉంది మేడం. మనదే. చెరువు ముందరి ప్లాటైతే జర రేటు ఎక్కువ."

గడ్డపార పట్టుకున్న కూలీ ఒకడు, "సేటూ, ఇగ పీకాల్నా వద్దా?" అన్నాడు.

"పీకుడేంది? ఇంకో రెండు వరసలు పెట్టు!"

"నడుమ బంకమట్టి గూడ పెట్టాలె సేటూ" అని మట్టి సారు వెంటనే అందించారు. ఆ ఏడు అవ్వ జొన్నలు పండించి మాకు కంకులు కాల్చి పెట్టింది. సేటు తన వెంచరుకు "లేక్ వ్యూ" అని బోర్డు పెట్టాడు.

ఇప్పుడు సారూ లేరు, అవ్వా లేదు. చెలకలో గోదాము వచ్చింది, ఒర్రె మీద సిమెంటు రోడ్డు వచ్చింది, దాని మీద ఎయిర్‌పోర్టు క్యాబులు తిరుగుతున్నాయి. చెరువు పోయినా లేక్ వ్యూ కాలనీ ఉంది. రిటైరయ్యాక నేను అందులోనే ఇల్లు కట్టుకున్నాను. (చెరువు ముందరి ప్లాటే. జర రేటు ఎక్కువ పడింది.) మొన్నటి వానకు గొడుగు పట్టుకొని, తెరవడం మరిచిపోయి, గేటు ముందు నిలబడ్డాను. పక్కింటి క్యాబు డ్రైవరు బండి ఆపాడు.

"ఏంది బాపూ, గిట్ల తడుస్తున్నవ్? ఎవలకోసం చూస్తున్నవ్?"

"నీళ్లు ఏడికెళ్లి ఏడికి పోతున్నయో చూస్తున్న."

అతనూ అద్దం దించి కాసేపు చూశాడు. "మీ ఇంట్లకే పోతున్నయి బాపూ."

వెనక్కి తిరిగాను. నిజమే. ఒర్రె తన పాత బాట మరిచిపోలేదు. చీపురు తెమ్మని కేక వేయాల్సినవాణ్ణి, ఒక గాజు గ్లాసు తెమ్మన్నాను.