మూరెడు చోటు

నా చిన్నప్పుడు ఆరో తరగతికి వస్తే గానీ ఇంగ్లీషు మొదలయ్యేది కాదు. పి.గన్నవరం దగ్గర మా హైస్కూల్లో ఆ ఏడు రెండు సెక్షన్లకీ కలిపి ఒక్కరే ఇంగ్లీషు మాస్టారు. మేమేమో తొంభైమందిమి. రేకుల షెడ్డులో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చున్నట్టు ఉండేవాళ్ళం. మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవారు. అంతమందికి వినపడేలా అరవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందుకే కాబోలు, పాఠం మా చేత ఆడించేవారు.

ఊళ్ళో బట్టల కొట్టు నుంచి చొక్కాల అట్టపెట్టెలు అడిగి తెచ్చి, ముక్కలు కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసి, కొబ్బరి పీచు తాడుతో మా మెడల్లో వేశారు. ఏడాదంతా ఎవరి మాట వాళ్ళదే. ఆయన తెలుగులో ఒక వాక్యం చెప్పేవారు. అందులో ఎవరి మాట ఉంటే వాళ్ళు పరుగెత్తుకెళ్ళి, షెడ్డు ముందు ముగ్గుపిండితో గీసిన గీత మీద వరసలో నిలబడాలి. మిగతావాళ్ళం పైకి చదవాలి. కుదిరితే చప్పట్లు. కుదరకపోతే అందరం కలిసి వాళ్ళని అటూ ఇటూ జరిపేవాళ్ళం. ఎవరైనా బడికి రాకపోతే వాళ్ళ చోటు మూరెడు వదిలేసి నిలబడాలి. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి తరగతంతా ఆ మాట అరవాలి. ఎవరి చోట్లోనూ ఇంకొకరు నిలబడకూడదు, అది మాస్టారు పెట్టిన షరతు. సాయంత్రం అట్టలన్నీ షెడ్డులో మేకులకి తగిలించి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం.

నాకు ‘స్టూల్’ వచ్చింది. నెలకోసారి పిలుపొస్తే గొప్ప. పిల్లలు నన్ను “ఏవే స్టూలూ” అని ఏడిపించేవారు. మాది కొబ్బరితోటలున్న ఇల్లు, అడిగింది కాదనిపించుకున్న అలవాటు నాకు లేదు. రోజూ పిలుపొచ్చే మాట ‘బోట్’. గోదారి పక్కన బతికేవాళ్ళం కదా, మాస్టారి వాక్యాల్లో పడవ లేని రోజు ఉండేది కాదు. ఆ మాట అవతల, గోదారి మధ్యనున్న లంక నుంచి పడవెక్కి వచ్చే ఒక పిల్లకి దక్కింది. మోకాళ్ళ దాకా బురద, నూనె ఎరగని జుట్టు, వారమంతా ఒకటే పరికిణీ. పిలుపు వినపడగానే అందరికంటే ముందు గీత మీద ఉండేది. ఆ పిల్లంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది గానీ, ఉన్న మాట.

శ్రావణంలో గోదారికి వరదొచ్చి పడవలు ఆగిపోయాయి. లంక పిల్లలు పది రోజులు రాలేదు. మేం చోటు వదిలి నిలబడి రోజూ ‘బోట్’ అని అరిచేవాళ్ళం. ఇంతలో ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురు. ఆయన ముందు వరస బోసినోరులా ఉంటే బాగోదని హెడ్మాస్టారు అన్నారట. అది చెవిన పడగానే నేను మాస్టారి వెంటపడ్డాను. “ఒక్క రోజుకేనండీ, నేను నుంచుంటానండీ, తప్పు రానివ్వనండీ” అని బతిమాలాను. చివరికి ఆయన మేకుకున్న బోట్ అట్ట తీసి నా మెడలో వేశారు.

ఆ రోజు మాస్టారు పడవ వాక్యమే ముందు చెప్పారు. నేను పరుగెత్తుకెళ్ళి గీత మీద నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే గేటులోంచి ఆ పిల్ల వచ్చింది. వరద కాస్త తీయగానే ఎవరినో కాళ్ళావేళ్ళా పడి బతిమాలి చేపల నావ మీద దాటిందట. తడిసి ముద్దయి, రొప్పుతూ, తిన్నగా తన చోటికి వచ్చింది. ఆ చోట్లో నేనున్నాను. తన అట్ట నా మెడలో ఉంది. తను చెయ్యి చాపింది. తీసి ఇచ్చెయ్యడానికి ఎంతసేపు? నేను రెండు చేతులతో అట్టని గట్టిగా పట్టుకున్నాను. మాస్టారు నా వంక చూశారు, ఇన్‌స్పెక్టరు గారి వంక చూశారు. “కూర్చోమ్మా, తరవాత” అన్నారు ఆ పిల్లతో. తను వెళ్ళి షెడ్డులో, మేకుకి మిగిలిపోయిన నా స్టూల్ అట్ట కింద కూర్చుంది. వాక్యం తప్పు లేకుండా కుదిరింది. ఇన్‌స్పెక్టరు గారు నా వీపు తట్టారు.

మర్నాటి నుంచి పడవలు తిరిగాయి. లంక పిల్లలందరూ వచ్చారు, ఆ పిల్ల తప్ప. ఆదివారం మాస్టారు మా ఇంటికొచ్చి, మా నాన్నగారిని అడిగి, ఆ అట్ట నా చేతికిచ్చి నన్ను లంకకి తీసుకెళ్ళారు.

వాళ్ళ పాకలో వరద మోకాలెత్తు ఒండ్రు వదిలి వెళ్ళింది. ఆ పిల్ల తట్టతో ఒండ్రు ఎత్తి బయట పోస్తోంది. మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. వాళ్ళ మామ్మ పీట కడిగి మాస్టారికి వేసింది. పిల్లని బడికి పంపమని ఆయన అడిగారు.

“ఆయ్, మీకు తెలీందేవుందండి” అందావిడ. “దీని తమ్ముణ్ణి చూసే మనిషి లేక, మొదట్నించీ దీన్ని మానెయ్యమనే అంటన్నానండి. ‘నేను లేపోతే అక్కడ ఆట ఆగిపోద్దే మామ్మా, నా చోట్లో ఎవరూ నుంచోరు’ అనేదండి. సరే, అంత అవసరం గాబోలని పంపేదాన్నండి. మొన్నొచ్చి అదే చెప్పిందండి, ఇంకెవరో నుంచున్నారని. మరింకెళ్ళడం దేనికండి?”

ఆవిడ మాటల్లో ఎక్కడా కోపం లేదు. మాస్టారు తల దించుకుని “తప్పు నాదేనండి” అన్నారు. అంత పెద్దాయన అలా అనగా నేను అంతవరకూ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది. వెళ్ళి అట్ట ఇవ్వబోయాను. తను బురద చేతులు పరికిణీకి తుడుచుకుంది, తీసుకుంటుందనే అనుకున్నాను. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లిగా ‘బోట్’ అని చదివి, మళ్ళీ నా చేతిలోనే పెట్టేసింది. “నువ్వు బానే నుంచున్నావు” అంది. అని తట్ట ఎత్తుకుంది.

తిరుగు పడవలో మాస్టారు నన్ను కోప్పడలేదు. రేవు దగ్గరపడుతుండగా నీళ్ళ వంక చూస్తూ, “చోటు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల కోసం చూసేవాళ్ళం కదమ్మా. నిండిపోయాక ఎవరు చూస్తారు?” అన్నారు. అది నాతో అన్నారో, తనలో తను అనుకున్నారో తెలీదు. ఆ తరవాత కూడా ఆయన రెండు మూడుసార్లు లంకకి వెళ్ళొచ్చారు. ఆ పిల్ల రాలేదు. అట్ట ఏడాది చివరిదాకా మేకుకే ఉంది. మూరెడు చోటు వదిలి నిలబడి అందరూ ‘బోట్’ అని అరుస్తుంటే నేను మాత్రం అరవకుండా గేటు వంక చూసేదాన్ని. తరవాతి వరదలకి ఆ లంక సగం గోదాట్లో కలిసిపోయింది. వాళ్ళు ఎటు వెళ్ళారో చెప్పినవాళ్ళు లేరు.

నాకిప్పుడు డెబ్భై దగ్గర పడుతున్నాయి. మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షన్లో అందరినీ వరసలో నిలబెట్టి ఫొటో తీస్తున్నారు. “మామ్మగారూ, ఇటు జరగండి, మధ్యలో ఖాళీ వస్తోంది” అన్నాడు ఫొటోల అబ్బాయి. నేను జరగలేదు. నేనున్న ఏ ఫొటోలో చూసినా నా పక్కన మూరెడు చోటు ఉంటుందని మా పిల్లలు నవ్వుతుంటారు. అలా ఎందుకు వదులుతానో వాళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు.

“ఇంకోళ్ళు రావాలి బాబూ” అన్నాను. నవ్వడం ఆపి, అందరూ గేటు వంక చూశారు.